కడెం ఒడ్డున అత్తమ్మ సున్నం డబ్బీ

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినమని నా భార్య సుశీల కొత్తవాళ్లకు ముందే చెప్పి పెడుతుంది. ఈ ప్రయాణం సంగతిలో మాత్రం అంత తీసేయనక్కర్లేదు. ఒక్క మొసలిని తీసేస్తే చాలు.

అసలు ఇదంతా మా అత్తమ్మ మోకాళ్లతో మొదలైంది. ఆమె కరీంనగర్‌లో మా దగ్గరే ఉంటుంది. ఏడాదిగా ఆమె ప్రయాణమంతా మంచం నుంచి వాకిటి దాకా, వాకిటి నుంచి మంచం దాకా. రోజూ చదునైన నేల మీద నడవకపోతే మోకాళ్లు పూర్తిగా పట్టేస్తాయని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆమె వినలేదు.

"పని లేకుండ గల్లీల తిరిగితె నలుగురు ఏమనుకుంటరు? ఉప్పుకో పప్పుకో అయితె పోత. ఉత్తగనే ఎటు పోవాలె?"

ఉప్పూ పప్పూ అమ్మే దుకాణం మా ఇంటి ముందుగదిలోనే ఉంది. మా దురదృష్టం.

ఆ రోజుల్లోనే, అంటే ఎనభైల నడుమ, చాయ్ హోటల్లో ఒకాయన ఒక సంగతి చెప్పాడు. కడెం ప్రాజెక్టు దిగువన వాగు వెంట నడక దారి వేశారట, కూర్చోవడానికి బల్ల కూడా ఉందట. నేను ఇంటికొచ్చి, ఆ దారిని నేనే రెండుసార్లు నడిచొచ్చానని చెప్పాను.

"అరచెయ్యి లెక్క ఉంటది అత్తమ్మా. చెప్పులు కూడ అరుగవు."

"ఆడ మనను ఎరిగినోళ్లు ఎవ్వరు ఉండరు గద?"

"కోతులు తప్ప ఎవ్వరుండరు."

ఆమె ఒప్పుకుంది. సుశీల నన్ను పక్కకు పిలిచింది. "మా అవ్వను నడిపిచ్చుకొని తీస్కపోతున్నవు. మోసుకొని తెచ్చినవో, ఇగ ఈ ఇంట్ల నీ ముచ్చట ఒక్కటి ఎవ్వరు ఇనరు." నాలాంటి వాడికి అన్నం పెట్టనన్నా అంత బాధ ఉండదు.

డిసెంబరులో ఒక ఆదివారం, పొద్దున ఐదున్నరకు ముగ్గురం లక్షెట్టిపేట బస్సెక్కాం. ఆరున్నరకు కొండగట్టు దగ్గర బస్సంతా దండం పెట్టుకుంది. డ్రైవరు కూడా స్టీరింగు వదిలి రెండు చేతులూ జోడించాడు. ఆ క్షణంలో నా అంత భక్తితో దండం పెట్టినవాడు ఇంకొకడు ఉండడు. జగిత్యాలలో ఇరవై నిమిషాలు ఆపారు. ఇడ్లీ వేడిగా ఉంది, చాయ్ అంతకన్నా వేడిగా ఉంది. టికెట్టు ధరలు ఇక్కడ రాయను, మీరు చదివేనాటికి ఎలాగూ పెరిగి ఉంటాయి.

జగిత్యాలలో ఎక్కిన ఒక పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. ఊరికే ఉండలేక మానేరు డ్యాంలో పడ్డ బొచ్చె చేప ముచ్చట ఎత్తుకున్నాను. "తూకం ఎయ్యాల్నంటె లారీల కాంటకు తీస్కపోయినం," అన్నాను.

ఆయన కండువా సర్దుకున్నాడు. "గంతేనా? మా ఊర్ల గసొంటియి పడితె, పాపం పిల్లలని మల్ల నీళ్లల్లనే ఇడుస్తం."

నేను కిటికీ వైపు తిరిగి ధర్మపురి దాకా చెట్లు లెక్కపెట్టాను.

రాయపట్నం వంతెన దాటి తొమ్మిదికి లక్షెట్టిపేటలో దిగాం. అక్కడ మా తోడల్లుడు రాజలింగు మాకోసం కాచుకుని ఉన్నాడు. బొగ్గు గనిలో దీపాల గది అతని కొలువు. గనిలోకి దిగేవాడు తన ఇత్తడి బిల్ల అతనికిచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిల్ల తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక కూడా బిల్ల మిగిలిందంటే లోపల మనిషి మిగిలినట్టే. పాతికేళ్లుగా అతను కాచేది ఆ ఒక్కదాన్నే.

ఇంకో బస్సు మారి పదిన్నరకు కడెం చేరాం. దారి మొదలు దాకా అత్తమ్మను ఒక ఎడ్లబండాయన ఎక్కించుకున్నాడు. రెండుసార్లు నడిచొచ్చానని చెప్పిన దారిని నేను మొదటిసారి చూశాను. నిజంగానే అరచెయ్యిలా ఉంది! నా నోట పుట్టిన మాట ఇంత అందంగా నిజం కావడం నాకే కొత్త.

రాజలింగు అడుగు పడనివ్వలేదు. "అడివిల పోతున్నం. తలా ఒక వస్తువు ఈ కొమ్మకు పెట్టి పోవాలె. వచ్చినంక ఎవలది వాళ్లు తీస్కోవాలె."

నేను దువ్వెన, సుశీల జడపిన్ను, అతను చేతిరుమాలు తగిలించాం. అత్తమ్మ చాలాసేపు గొణిగి, ఆకువక్కల సంచిలోంచి సున్నం డబ్బీ తీసి, దారంతో కట్టించింది. ఆపైన కర్ర పొడుచుకుంటూ మెల్లగా ముందుకు కదిలింది.

అంతలో అడవి కావలివాడు జంగు వచ్చి దారి చెప్పాడు. "ముంగట బల్లకాడ రెండు దార్లైతయ్ సాహెబ్. కిందిది నీళ్ల పక్కపొంటి, మీదిది గట్టు మీదంగ. చివరికి బండకాడ రెండూ కలుస్తయ్. మైలు కూడ లేదు. మొసళ్లు గిట్ల ఏం లెవ్వు, ఈడ తాబేళ్లే."

"మాయనకు ఎర్కనే. రెండుసార్లు వచ్చిండు," అంది సుశీల.

"అట్లనా? దారి ఏసి నెల కూడ కాలేదు!"

సుశీల నా వైపు చూసింది. నేను లకుముకి పిట్ట వైపు చూశాను. అత్తమ్మ అప్పటికే అంత దూరాన ఉండడం నా అదృష్టం.

బల్ల దగ్గర ఆమె కూలబడింది. "ఇగ నాతోని కాదు. మీరు పోయి రాండ్రి. ఉత్తగ నడిచి నేనేం చెయ్యాలె?"

ఆమె మొహం చూసి మనసు చివుక్కుమంది. కాస్త నవ్విద్దామని, "చివర బండ మీదికి మిట్టమధ్యాహ్నం ఒక మొసలి ఎండకొస్తది అత్తమ్మా. రెండు మంచాలంత పొడుగు. పోయినసారి దాని పక్కనే కూసొని రొట్టె తిన్న," అన్నాను. ఆ మొసలి అక్కడికక్కడే పుట్టింది. ఆమె నవ్వలేదు. "ఊఁ" అని మాత్రం అంది.

మేం ముగ్గురం కింది దారిన వెళ్లాం. ఒక పక్క మద్దిచెట్ల నీడ, ఇంకో పక్క గులకరాళ్ల మీద పారే నీళ్లు. ఎక్కడా ఎత్తు లేదు, ముల్లు లేదు. బండ దగ్గర కాసేపు కూర్చుని గట్టు దారిన తిరిగొచ్చాం. పన్నెండు దాటింది. బల్ల మీద అత్తమ్మ లేదు.

దారి మొదటికి పోయి ఉంటుందని పరుగెత్తాం. కొమ్మకు సున్నం డబ్బీ అలాగే వేలాడుతోంది.

నేను దువ్వెన మీద చెయ్యి వేయబోతే రాజలింగు పట్టుకున్నాడు. "తియ్యకే అన్నా. డబ్బి ఈడ ఉన్నదంటె మనిషి లోపల ఉన్నట్టు." అతని గొంతులో ఇందాకటి ఆట లేదు.

"మొసలి!" అంది సుశీల.

"మొసలి లేదే! నేను కల్పించిన."

"జంగు కూడ లేదనె. మరి కాళ్లు నడవని మనిషి ఎటు పోయినట్టు?"

దానికి నా దగ్గర కథ లేదు. మళ్లీ లోపలికి పరుగెత్తాం.

కింది దారిలో తడి ఇసుక మీద కర్ర గుచ్చిన గుంటలు కనిపించాయి. మొదట లోతుగా, దగ్గర దగ్గరగా ఉన్నాయి. పోనుపోను దూరమయ్యాయి. ఒక మలుపు దగ్గర పూర్తిగా ఆగిపోయాయి. నీళ్లలోంచి నల్లటి తల ఒకటి పైకి లేస్తే నేను రాజలింగు వెనక్కి దూకాను. తాబేలు. లేదని తెలిసిన మొసలికి మనిషి భయపడగలడని అప్పుడే నాకు తెలిసింది.

అంతలో బండ వైపు నుంచి మాటలు వినిపించాయి.

అత్తమ్మ కాళ్లు నీళ్లలో పెట్టుకుని బండ మీద కూర్చుంది. కర్ర పక్కన పడి ఉంది, దాని కొసకు చెప్పులు తగిలించి ఉన్నాయి. మలుపు నుంచి కర్రను భుజాన వేసుకుని వచ్చిందట. వల ఆరేసుకుంటున్న ముసలాయనతో ముచ్చట పెడుతూ మమ్మల్ని చూసింది.

"ఏది అల్లుడా? మిట్టమధ్యాహ్నం వస్తదంటివి. ఎప్పటి సంది చూస్తున్న!"

"మోకాళ్లు నొయ్యలేదానే అవ్వా?" అంది సుశీల.

అత్తమ్మ మోకాళ్ల వైపు, ఎక్కడో మరిచిన వస్తువును చూసినట్టు చూసింది. "నొస్తున్నయ్. అయితేంది? పని మీద వచ్చిన గద."

నేను నిజం చెబుదామని నోరు తెరిచాను. సుశీల నా చెయ్యి గట్టిగా గిల్లింది. "ఇయ్యాల ఎండ తక్కువున్నది గదనే అవ్వా. అందుకే రాలేదేమొ," అంది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే. నాకన్నా బాగా ఆడింది.

వలాయన ఏదో అనబోతే రాజలింగు ఆయన చేతిలో సర్వపిండి ముక్క పెట్టాడు. అందరం అక్కడే తిన్నాం. గట్టు దారిన అత్తమ్మ తన కాళ్లతోనే తిరిగొచ్చింది, మూడు చోట్ల ఆగి. కొమ్మ మీది డబ్బీ తీసి, ఆకుకు సున్నం రాసి నోట్లో పెట్టుకున్నాకే రాజలింగు తన రుమాలు తీసుకున్నాడు.

మూడున్నరకు కడెంలో బస్సెక్కాం. లక్షెట్టిపేటలో రాజలింగు దిగిపోయాడు, మేం కరీంనగర్ బస్సు మారాం. మీరూ వెళ్లాలనుకుంటే తెల్లవారుజామున బయల్దేరండి, రొట్టెలు కట్టుకెళ్లండి. దారి అరచెయ్యిలా ఉంటుంది. ఈసారి చూసొచ్చే చెబుతున్నాను.

రాయపట్నం వంతెన మీద పొద్దు గుంకుతుండగా, పక్క సీటులో ఉన్న ఆమె అత్తమ్మను పలకరించింది. "యాడికెళ్లి వస్తున్నవవ్వా?"

"కడెం పోయిన. మొసలిని చూడనీకి."

"కనబడ్డదా?"

"ఏడ? ఇయ్యాల ఇంట్ల లేకుండె," అంది అత్తమ్మ, రెండు చేతులతో మోకాళ్లు రాసుకుంటూ. "మల్ల పోవాలె."