తాడు పట్టమన్న బావమరిది

ఈ పొద్దున దుకాణం తెరిచి, అగరబత్తి వెలిగించి, బోణీ కోసం చూస్తూ కూర్చున్నానో లేదో, సెల్‌ఫోను టింగుమని మోగింది. నేనడక్కుండానే ఒక పాత ఫొటో తెచ్చి కళ్ళముందు పెట్టింది. మూడేళ్ళ కిందట ఇదే రోజట. ఎర్రటి కొండ. దాని కింద నెత్తిన పసుప్పచ్చ టోపీ, నడుముకు పటకాలు, చేతుల్లో తాడు, ముప్ఫై రెండు పళ్ళూ కనపడేలా నవ్వుతూ మా తోడల్లుడు. ఈ ఫోనుకు బొత్తిగా మర్యాద తెలియదు. మరిచిపోదామనుకున్న వాటిని ఏడాదికొకసారి తద్దినం పెట్టినట్టు గుర్తు చేస్తుంది. తీసేద్దామని వేలు పెట్టి, తీసేయకుండా ఇంకా పెద్దది చేసి చూశాను. ఆ నవ్వు ఉండవలసింది నా మొహాన. ఈ మాట ఇంతవరకూ మా ఆవిడతో కూడా అనలేదు.

మా బావమరిది, అంటే మా ఆవిడకు ఆఖరి తమ్ముడు, గిద్దలూరు పక్క ఊరి బడిలో డ్రిల్లు మాస్టారు. మనిషికి రాళ్ళెక్కే పిచ్చి. ఆదివారం వస్తే అందరూ మాంసం కొట్టు దగ్గర నిలబడితే వాడు నల్లమల వైపు ఏదో ఒక బండను పట్టుకుని వేలాడుతుంటాడు. బెంగళూరు పోయి నేర్చుకొచ్చాడు, వేళ్ళు ముడుచుకుపోయేంత ఇరుకు బూట్లు కొనుక్కొచ్చాడు. ఆ ఏడు వేసవి సెలవులకు కారులో నలభై రోజులు తిరగాలని పథకం వేశాడు. హంపి, బాదామి, రామనగరం, అక్కడి నుంచి తమిళదేశం కొండలు. పనిగట్టుకుని మార్కాపురం వచ్చి, నా ఎరువుల దుకాణంలో బస్తా మీద కూర్చుని అడిగాడు. "బావా, నువ్వు రావాల. నువ్వు ఎక్కే పనేం లేదు. నేను పైకి పోతాంటే కింద నిలబడి తాడు పట్టుకుంటే చాలు."

నాకు ఒళ్ళు మండింది. మా పెళ్ళిలో నా కాళ్ళు కడగడానికి చెంబు మోసుకొచ్చి, సగం నీళ్ళు నా పట్టుపంచె మీద ఒలకబోసిన పిల్లకాయ వీడు. నేను ఆ ఇంటికి పెద్దల్లుణ్ణి. వీడు కొండ మీద ఊరేగుతుంటే నేను కింద మెడ ఎత్తి, తాడు పట్టుకుని నిలబడాలా? నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారు? "ఏందప్పా, తాడు పట్టడానికి బావ కావాల్సొచ్చినాడా? నీకు జీతగాడెవడూ దొరకలేదా?" అన్నాను. వాడి మొహం చిన్నబోయింది. "అట్ల కాదు బావా" అని ఏదో చెప్పబోయాడు. విత్తనాల లోడు దించుకోవాలి, నాకు తీరదు పొమ్మన్నాను. టీ తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి, బస్టాండుకు పోయాడు. పెద్దరికం నిలబెట్టుకున్నానని రెండు రోజులు మహా హుషారుగా ఉన్నాను. మూడో రోజు తెలిసింది, మా తోడల్లుడు, అంటే వాడి చిన్నబావ, పోతున్నాడని. పొదిలిలో బట్టల దుకాణం ఆయనది. ఇంట్లో బల్బు మార్చాలన్నా స్టూలు కదలకుండా పట్టుకోమని పెళ్ళాన్ని కేకేసే మనిషి.

వాళ్ళు తిరిగొచ్చాక ఒక ఆదివారం అందరం గిద్దలూరులో అత్తగారింట్లో చేరాం. భోజనాలయ్యాక కిటికీలకు దుప్పట్లు కట్టి, ఫొటోలన్నీ టీవీలో వేశాడు మా బావమరిది. ఆ ఇంట్లో చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది. పాతికేళ్ళకు పైగా అది నాది. ఆ రోజు నేను చెయ్యి కడుక్కుని వచ్చేసరికి అందులో మా తోడల్లుడు కూర్చుని మామిడిపండు తింటున్నాడు. మా అత్తగారు ఆయనకు విసనకర్రతో విసురుతోంది! నేను చాప మీద గోడకానుకుని కూర్చున్నాను. ఇక మొదలైంది. హంపిలో కోతులు రొట్టె ప్యాకెట్టు ఎత్తుకుపోతే చిన్నబావ వెంటపడడం, దారి పక్కన స్టవ్వు పెట్టి చిన్నబావ ఉప్మా మాడగొట్టడం, టైరు పంచరైతే మేకలవాళ్ళ పాకలో ఇద్దరూ మజ్జిగ తాగడం. ఏ కథ ఎత్తుకున్నా చిన్నబావే. మా ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది. నేను చెప్పిన ఏ మాటకైనా అట్లా నవ్విందా? పైగా మా తోడల్లుడు చిక్కాడు, నల్లబడ్డాడు, పొట్ట తగ్గి పదేళ్ళు చిన్నవాడిలా తయారయ్యాడు. నాకు కుళ్ళు పుట్టింది. దానికి ఇంకో మంచి పేరు వెతకను, కుళ్ళే. కోతులు ఆ రొట్టెతోపాటు ఈయన్ను కూడా ఎత్తుకుపోకూడదా అనుకున్నాను.

తర్వాత బాదామి ఫొటోలు వచ్చాయి. తాటిచెట్టు కంటే ఎత్తున్న ఎర్రటి గోడ మీద మా బావమరిది బల్లిలా అంటుకుని ఉన్నాడు. "ఇక్కడే కాలు జారింది" అన్నాడు తాపీగా. "ఒక మిద్దె ఎత్తు కిందికి పడినా. తాడు బిగిసిన ఊపుకు చిన్నబావ కూడా రెండడుగులు గాల్లోకి లేచినాడు. అయినా వదల్లేదు." మా ఆవిడ లేచి పోయి, "మరిదీ, నా తమ్ముణ్ణి బతికించినావు నాయనా" అని ఆయన చేతులు రెండూ పట్టుకుంది. ఆ అరచేతుల్లో తాడు రాసుకుని కాయలు కాచి ఉన్నాయి. మా తోడల్లుడు సిగ్గుపడుతూ, "నాదేముందిలే వదినా" అన్నాడు. ఆ వినయం చూసి నాకు ఇంకా మండింది.

"కిందున్న మనిషి ఒక్క రెప్పపాటు ఏమరితే నీ గతేందిరా? ఏం నమ్మకంతో పోయినావు?" అని మా అత్తగారు కొడుకును తిట్టింది. వాడు టీవీ ఆపి నా వైపు చూశాడు. "అందుకేమా నేను ముందు పెద్దబావను అడిగింది" అన్నాడు. "నేను చదువుకునేటప్పుడు సెలవులకు తర్లుపాడు, బావ వాళ్ళ ఊరు పోయినా. ఒక రోజు బావ వాళ్ళ నాయన చేనిబావిలో పూడిక తీయడానికి దిగినాడు. బావ ఆయనకు కట్టిన మోకును తన నడుముకు చుట్టుకుని, కాలు గట్టుకు తన్నిపట్టి నిలబడినాడు. అక్కకు నొప్పులొస్తాండాయని ఊళ్ళోనుంచి మనిషి పరిగెత్తుకొచ్చి అరిచినా బావ తల తిప్పలేదు. నాయన పైకొచ్చి నేల మీద కాలు పెట్టినాకనే మోకు ఇడిచి ఉరికినాడు. పైకెక్కేది ఎవడైనా ఎక్కుతాడుమా. తాడు పట్టే మనిషి దొరకడమే కష్టం. బావ రానన్నాడు, ఏం చేద్దాం? చిన్నబావకు ఎనిమిది రోజులు నేర్పించుకుని పోయినా."

మా రెండోవాడు పుట్టిన రోజున ఆలస్యంగా వచ్చానని ఇన్నేళ్ళూ నన్ను దెప్పుతూ వచ్చిన మా ఆవిడ నా వైపు అదోలా చూసింది. మా తోడల్లుడు సగం తిన్న పండు పళ్ళెంలో పెట్టేశాడు. నేను కాదన్నాకే తనను అడిగారన్న సంగతి ఆయనకు అప్పుడే తెలిసినట్టుంది. నాకు సంబరం కలగాలి కదా? కలగలేదు. వాడు ప్రాణం తెచ్చి నా చేతిలో పెడతానంటే నేను జీతగాణ్ణి వెతుక్కోమన్నాను. ఆ మాటే చెవుల్లో గింగిరాలు తిరిగింది.

బయలుదేరేటప్పుడు, వాకిట్లో చెప్పులు వేసుకుంటూ, సిగ్గు చంపుకుని అడిగాను. "వచ్చే సెలవులకు నేనొస్తాలేప్పా." మా బావమరిది నా భుజం మీద చెయ్యి వేశాడు. అంతకు ముందెప్పుడూ అంత చనువు తీసుకోలేదు. "ఇప్పుడు చిన్నబావ చెయ్యి అలవాటైపోయింది బావా. ఎప్పుడు తాడు వదులు చేయాల్నో, ఎప్పుడు బిగించాల్నో నేను చెప్పకుండానే ఆయనకు తెలుస్తాది. ఇంక మనిషిని మార్చలేను" అన్నాడు. ఎంత నెమ్మదిగా చెప్పాడంటే కోపగించుకోవడానికి కూడా నాకు సందు దొరకలేదు.

ఆ తర్వాత ప్రతి వేసవికీ వాళ్ళిద్దరూ పోతూనే ఉన్నారు. ఫొటోలు వస్తూనే ఉన్నాయి. నేను ఒక్కటి కూడా వదలకుండా చూసి, బొటనవేలి బొమ్మ పెడతాను. ప్రతిసారీ కుళ్ళుకుంటాను, దాచుకోవడమెందుకు. మా తోడల్లుడు నా దగ్గరినుంచి లాక్కున్నదేమీ లేదు. ఆ మొదటి నలభై రోజులు వాళ్ళిద్దరికే కాదు, నాకూ వచ్చాయి. నేను వాటిని దుకాణంలో ఫ్యాను కింద కూర్చుని గడిపేశాను.