బొట్టు పెట్టిన కంప్యూటర్లు

రెండు వేల దశకం చివర్లో, దసరా ముందర, పటాన్‌చెరు పారిశ్రామికవాడలో పాత కంప్యూటర్లు విప్పే షెడ్డుకు మేనేజరుగా చేరిన. కంప్యూటరు తయారుచేసిన కంపెనీయే, అది పాతబడ్డాక వెనక్కి తీసుకొని బోర్డులు, తీగలు, ఇనుము వేరు చేయించాలె. మానిటర్లోని సీసం కలిసిన గాజు మట్టిలో కలవకుండా చూడాలె. దీన్ని టేక్‌బ్యాక్ అంటరు. అప్పటికింకా చట్టం లేదు, కొన్ని కంపెనీలు తమంతట తామే మొదలుపెట్టినయి.

ఆ పని మాకు దక్కాలంటే కంపెనీ ఆఫీసరు ముందర ఒక లోడు మొత్తం విప్పి చూపాలె. విప్పని కంప్యూటరు పెట్టె ఒక్కటి మిగిలినా సెకండ్‌హ్యాండ్ బజారుకు పోతదని వాళ్ల భయం. పని దక్కకపోతే షెడ్డు మూత. షెడ్డుల విప్పే పని చేసే ఆడోళ్లు మళ్లీ మందుల ఫ్యాక్టరీల డ్రమ్ములు కడగబోవాలె.

దసరా అయినంక ఆఫీసరు వచ్చే రోజు లారీ రానే వచ్చింది. చూస్తే ప్రతి పెట్టెకూ పసుపు, కుంకుమ! పంపిన ఆఫీసులు ఆయుధపూజ చేసి మరీ సాగనంపినయి. ఆడోళ్లు సుత్తెలు కింద పెట్టిన్రు.

"పూజ చేసినదాని మీద సుత్తె ఎట్లేస్తం సార్?" అన్నది వాళ్ల పెద్ద, పోతిరెడ్డిపల్లి సాయమ్మ.

నాకు ఒళ్లు మండింది. ఇనుప డబ్బాకు పూజేంది, జల్దీ కానీయండని అరిచిన. ఒక్కరు కదల్లే. గేటుకూ షెడ్డుకూ కాలుగాలిన పిల్లి లెక్క తిరిగిన. ఆఖరుకు నేనే తడిగుడ్డ పట్టుకుంటే సాయమ్మ అడ్డమొచ్చింది.

"మీరు వీటిని చేసినోళ్లు గాదు, పూజ పెట్టినోళ్లు గాదు. మీరెట్ల తుడుస్తరు?"

అప్పుడే ఆఫీసరు కారు దిగిండు. లారీ నిండుగ ఉన్నది, ఆడోళ్లు కూసున్నరు, నా చేతుల గుడ్డ. ఇగ అయిపోయింది మా కథ అనుకున్న. సాయమ్మ మాత్రం బెదరలే.

"గివి మీ కంపెనోళ్లు చేసినవే గదా సార్? చేసిన చేత్తోనే బొట్టు తీయున్రి. ఎనకనే మేం విప్పుతం."

ఆయనది మద్రాసు, తెలుగు అంతంతమాత్రం. నేను ఇంగ్లీషులో చెప్పిన. ఆయన లారీని చూసిండు, గడియారం చూసిండు. చివరికి బూట్లిడిచి, నా చేతిల గుడ్డ తీసుకొని, ఒక్కో పెట్టె తుడుచుకుంట పోయిండు. ఆయన ఎనకనే సుత్తెలు మోగినయి. పొద్దుగూకేసరికి లోడు ఖాళీ. పని మాకే ఇచ్చిండు.

అప్పటిదాకా తయారీదారు బాధ్యతంటే లారీ కిరాయి కట్టుడు, తనిఖీ చేసి పోవుడు అనుకున్న. కంపెనీకి చేతులుండయి. దాని తరఫున ఒక మనిషొచ్చి చెయ్యి పెడితేనే అది బాధ్యత.