సౌండు తగ్గించి చూసిన రీలు

లీసెస్టర్‌లో మా వీధి చివరి దుకాణంలో వేడి చిప్స్ మీద వెనిగర్ చల్లగానే నాకు డోరీన్ గుర్తొస్తుంది. పాడవుతున్న పాత ఫిల్మూ అదే వాసన వేస్తుంది. 2011లో షెఫీల్డ్‌లో మాస్టర్స్ చేస్తూ, పాత రీళ్లు భద్రపరిచే ఒక చిన్న ఫిల్మ్ ఆర్కైవ్‌లో వారానికి రెండు రోజులు పనిచేసేదాన్ని. అక్కడ నా బాస్ ఆమే. అరవై దాటిన మనిషి, అందరినీ ఆప్యాయంగా ‘లవ్’ అని పిలిచేది. గత శతాబ్దపు అమెరికా జనజీవితం మీద తీసిన న్యూస్‌రీళ్లు అక్కడ డబ్బాలకొద్దీ ఉండేవి. ఒక్కొక్కటీ చూసి, అందులో ఏముందో కార్డు మీద రాయడం నా పని.

ఒక రీలులో నల్లజాతి కుటుంబాలు పని వెతుక్కుంటూ దక్షిణాది నుంచి ఉత్తరాది నగరాలకు రైలెక్కుతున్నాయి. వ్యాఖ్యాత గొంతు మహా హుషారుగా ఉంది. “కొత్త జీవితానికి ఆనందంగా బయలుదేరిన కుటుంబాలు” అని రాసేశాను. డోరీన్ కార్డు చదివి, సౌండు పూర్తిగా తగ్గించి రీలు మళ్లీ వేసింది. ఒక తల్లి కూతురి కోటు బొత్తాలు పెట్టింది, విప్పింది, మళ్లీ పెట్టింది. రైలెక్కని ముసలాయన ఒకడు రైలు కిటికీ అంచు వదలకుండా నిలబడ్డాడు.

“ఇందులో ఆనందం ఎక్కడుంది లవ్?”

శంషాబాద్‌లో నన్ను సాగనంపుతూ, మూసి ఉన్న నా బ్యాగు జిప్పును పదే పదే లాగి చూసిన అక్క కళ్లముందు మెదిలింది.

“వ్యాఖ్యాత చెప్పింది రాశావు. నువ్వు చూసింది రాయి,” అంది డోరీన్.

ఆ చలికాలమే, శిథిలమవుతున్న రీళ్లలో వేటికి కాపీ తీయాలో తేల్చే మీటింగు పెట్టారు. మా రైలు రీలు కాపీ తీసే జాబితాలో లేదు. డోరీన్ మాట్లాడుతుందనుకున్నాను. “చూసింది నువ్వు. చెప్పాల్సిందీ నువ్వే,” అంది. ఫ్లాట్‌లో నాతో ఉండే స్వప్నకు చెబితే, “నీకెందుకే ఆ లొల్లి? ఉన్న పార్ట్‌టైం జాబ్ గూడ పోతది,” అని భయపెట్టింది.

మీటింగులో లేచి నిలబడ్డాను. బొత్తాల సంగతి చెప్పాను, ముసలాయన సంగతి చెప్పాను. మేనేజరు కళ్లద్దాలు తీసి, “వ్యాఖ్యానంలో ఇదేమీ లేదే?” అన్నాడు.

“వ్యాఖ్యానంలో లేదు సార్. బొమ్మలో ఉంది.”

ఒప్పుకున్నారు. కానీ అప్పటికే రీలు చివరి భాగం అతుక్కుపోయింది. రైలు కదిలేదాకానే దక్కింది. నేను ఏడుస్తుంటే డోరీన్ తన ఫ్లాస్కులోని టీ నాకూ పోసింది. “నువ్వు నోరు విప్పకపోతే ఇదీ ఉండేది కాదు లవ్.”

డోరీన్ పోయి రెండేళ్లయింది. ఇప్పుడు లీసెస్టర్ నగర కౌన్సిల్ ఆఫీసులో నా ఉద్యోగం. మీటింగులో అందరూ తలలు దించుకున్నప్పుడు చెయ్యెత్తేది నేనే. చూసింది చూసినట్టే చెబుతాను.