పైన ఆంటీ నాతో ఒక్కసారే దెబ్బలాడారు

పైన ఆంటీ పోయారు. మంగళవారం ఉదయం ఇంటినుంచే ఆఫీసు మీటింగులో నా వంతు వచ్చి, నిన్న ఏం చేశానో చెబుతుండగా ఫోన్లో వాళ్ళమ్మాయి మెసేజ్ కనబడింది. నిద్రలోనే పోయారట. నేను చెప్పాల్సింది చెప్పేసి, మ్యూట్ నొక్కి, తలెత్తి మా ఇంటి సీలింగు వైపు చూశాను. అమెరికాలో, ప్లెయిన్స్‌బరోలో మా అపార్ట్‌మెంటుకి సరిగ్గా పైది వాళ్ళ అపార్ట్‌మెంటు. ఆవిడ అటూ ఇటూ నడిస్తే కింద మాకు తెలిసేది. ఆ ఉదయం పైన చాలామంది నడుస్తున్నారు, ఆవిడ నడక మాత్రం లేదు.

మీకు ముందే ఒక మాట చెప్పాలి. పోయినవారి గురించి రాసేటప్పుడు వారి మంచితనం రాయాలి. రాస్తాను. కానీ ప్రతి శనివారం ఆవిడ ఇంటికి టీకి వచ్చే ఒక పెద్దాయన మీద నాకు ఒళ్ళుమండే అసూయ ఉండేది. ఇప్పటికీ ఉంది. అది దాచిపెట్టి ఆంటీ గురించి ఎంత గొప్పగా రాసినా ఆవిడకి నచ్చదు. "మనసులో లేని మాట ఎంత గట్టిగా అన్నా వినపడదమ్మాయ్" అనేవారు.

ఆంటీది రాజమండ్రి. భర్త డాక్టరు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ ఇంగ్లండులో ఉత్తరాన ఒక బొగ్గుగనుల ఊరికి వెళ్ళారు. ఇంటి ముందుగదే క్లినిక్కు. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకుని, వరసగా కూర్చోబెట్టి, దగ్గు విని ఎవరిని ముందు పంపాలో తేల్చటం ఆంటీ పని. కొన్నేళ్ళకి అక్కడి ప్రధానమంత్రి, నష్టాల్లో ఉన్న గనులు మూసేస్తామన్నారు. గనివాళ్ళు ఏడాదిపాటు సమ్మె చేసి ఓడిపోయారు. సమ్మె సాగినన్నాళ్ళూ వాళ్ళ భార్యలతో కలిసి ఆంటీ చర్చి హాల్లో వంట చేశారు. "మొదటివారం నా పప్పుచారు చూసి మొహాలు చిట్లించారు. మూడోవారం కారం చాల్లేదన్నారు" అని నవ్వేవారు. తరవాత ఆ ఊరు ఎలా ఖాళీ అయిందో చెప్పేటప్పుడు మాత్రం నవ్వేవారు కాదు. భర్త పోయాక, అమ్మాయి ఉన్న దేశమని ఇక్కడికి వచ్చారు. ఆ ప్రధాని పేరు ఆంటీ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. "ఆ మహాతల్లి" అనేవారు, అంతే.

పెద్దాయనది వరంగల్ వైపు. పక్క బిల్డింగులో కొడుకు దగ్గర ఉంటారు. ఆయన లండన్లో బస్సు నడిపారు. ప్రభుత్వం వారి అద్దె ఇంట్లో ఉండేవారు. అదే ప్రధాని, అలా అద్దెకున్నవాళ్ళు ఆ ఇళ్ళని తక్కువ ధరకి కొనుక్కోవచ్చని చట్టం తెచ్చారు. ఆయన కొనుక్కున్నారు. "తలుపుకు ఆకుపచ్చ రంగు ఏశిన. ఎవ్వన్నీ అడగలె. మా ఖాన్‌దాన్‌ల సొంత తలుపున్నోణ్ణి నేనే ఫస్ట్" అనేవారు. ఆయన ఆ ప్రధానిని "మేడమ్" అంటారు. ఇప్పటికీ ఆ మాట అనేటప్పుడు కొంచెం నిటారుగా కూర్చుంటారు.

వీళ్ళిద్దరూ మెయిల్‌బాక్సుల దగ్గర కలిశారు. ఐదు నిమిషాల్లో ఇంగ్లండు సంగతి వచ్చింది, పది నిమిషాల్లో మాటా మాటా పెరిగింది. ఆ వచ్చే శనివారం పదింటికి ఆయన మిగతా వాదన పూర్తిచేయటానికి ఆంటీ తలుపు కొట్టారు. పదకొండేళ్ళయినా అది పూర్తి కాలేదు. ఆయన ఆవిణ్ణి "అక్కా" అంటారు, ఆవిడ ఆయన్ని "అన్నయ్యగారూ" అంటారు. ఎవరు పెద్దో కూడా ఇద్దరూ ఒప్పుకోలేదు.

మరి నేనేం తక్కువ చేశాను? డాక్టరు దగ్గరికి డ్రైవ్ చేసి తీసుకెళ్ళేదాన్ని. కుండీలో కరివేపాకు కోసిచ్చేదాన్ని. ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసిపెట్టేదాన్ని. అన్నిటికంటే ముఖ్యం, ఆవిడ ఏమన్నా "అవునాంటీ" అనేదాన్ని. దానికి నాకు దక్కింది స్టీలు గ్లాసులో టీ. "నువ్వు మంచిదానివమ్మాయ్" అని ఒక మాట.

ఆయనకి మాత్రం ఇంగ్లండు నుంచి స్వెట్టర్లలో చుట్టి తెచ్చుకున్న నీలం అంచు పింగాణీ కప్పూ సాసరూ. శనివారం ఆంటీ ఇస్త్రీ చీర కట్టుకునేవారు. శుక్రవారమే టపాలో వచ్చిన పనికిమాలిన కవర్లు చింపకుండా దాచి, వాటి వెనక ఒకటి, రెండు అని నంబర్లు వేసి పాయింట్లు రాసుకునేవారు. నాతో మాట్లాడటానికి ఆవిడ ఎప్పుడూ ఏమీ రాసుకోలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు కదా. ఇక్కడ పొరుగుదాన్ని నేనే, అయినా రుచి ఆయనే.

ఏదో ఒక సాకు చెప్పి శనివారాలు నేనూ పైకి వెళ్ళి సోఫా చివర కూర్చునేదాన్ని.

"నష్టాల్ల నడిచే గనుల్ని ఎన్నొద్దులని సాకుతరక్కా? ఎవరో ఒకరు బంద్ చెయ్యాలె గద" అనేవారాయన.

"మూస్తే మూశారు. మూసిన మర్నాడు ఆ మనిషి పొద్దున లేచి ఎక్కడికి వెళ్ళాలో చెప్పారా? పాతికేళ్ళవాడు నా ముందు కూర్చుని నిద్ర పట్టట్లేదమ్మా అంటే నేనేం చెప్పను అన్నయ్యగారూ?"

"మరి నా అసొంటోనికి తలుపు ఎవరిచ్చిండ్రు?"

"మీ తలుపుతో నాకు పేచీ లేదు. మీ తరవాత వచ్చినవాళ్ళకి అద్దెకి ఇల్లు దొరికిందా? అది చెప్పండి ముందు."

ఆయన టీ తాగుతూ ఆలోచించేవారు. అలా ఆయన ఆలోచిస్తుంటే ఆంటీ మొహంలో ఒక వెలుగు వచ్చేది. ఆ వెలుగు చూసి నేను కుళ్ళుకునేదాన్ని. నా "అవునాంటీ"లకి అది ఒక్కసారి కూడా రాలేదు.

ఒకసారి ఉండబట్టలేక నేనూ ప్రయత్నించాను. వారం రోజులు లంచ్ బ్రేకులో కూర్చుని ఆ ప్రధాని గురించి నెట్లో చదివాను, వీడియోలు చూశాను. బుధవారం పైకి వెళ్ళి, "ఆంటీ, అసలు ఆవిడ అలా చెయ్యకపోతే ఆ దేశం ఎకానమీ కొలాప్స్ అయ్యేది" అన్నాను. ఆంటీ మెంతికూర వలుస్తున్నారు.

"ఎవరు చెప్పారు?"

"చదివాను."

"అక్కడ నీకేమైనా పోయిందా?"

"లేదాంటీ."

"పోనీ, వచ్చిందా?"

"లేదు."

"మరి మనకి దెబ్బలాట ఎందుకే? ఇలా కూర్చుని ఈ కాడలు తుంచు."

తుంచాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మెంతికూరకి అలా తిరగవు కాబట్టి ఆవిడ గమనించే ఉంటారు.

ఆ ప్రధాని పోయినప్పుడు ఆంటీ పాత ఊళ్ళో కొందరు పండగ చేసుకున్నారట. ఆ శనివారం ఆయన నల్లకోటు వేసుకుని వచ్చారు. ఈరోజు తలుపులు పగిలిపోతాయనుకుని నేను ముందే వెళ్ళి కూర్చున్నాను. ఆంటీ టీ పోశారు. "చావుకి పండగ చేసుకునేవాళ్ళతో నేను లేనండి. ఆ ఊరు పాడైన సంగతీ మర్చిపోను" అన్నారు. ఆయన తల ఊపారు. తరవాత ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఆయన కళ్ళు తుడుచుకుంటే ఆంటీ పేపర్ నాప్కిన్ అందించారు. వాళ్ళ దెబ్బలాటకే కాదు, ఆ మౌనానికి కూడా నాకు కడుపు మండింది. నాతో కూర్చుంటే ఆవిడ ఎప్పుడూ అలా ఊరుకోలేదు. టీవీ పెట్టేవారు.

మంచు పడి రోడ్లు మూసేసిన రోజున కూడా ఆయన బూట్లు దులుపుకుంటూ వచ్చేవారు. ఎందుకంత అవస్థ అని ఒకసారి విసుక్కున్నాను. "మర్యాదకి వచ్చేవాళ్ళు మానేస్తారమ్మాయ్, దెబ్బలాటకి వచ్చేవాళ్ళు మానరు" అన్నారు ఆంటీ. అది ఆయన్ని మెచ్చుకోవటమేనని అనుకున్నాను.

ఈ వసంతంలో మా ఆఫీసులో లేఆఫ్‌లు వచ్చాయి. మా మేనేజరు నా టీమ్‌లో వాళ్ళ పేర్లు పనితీరు వరసలో రాసి పంపమన్నాడు. పంపాను. అందరికంటే కింద పెట్టింది మా బృందంలో కొత్తగా చేరిన ఒకమ్మాయిని. ఆమెది హెచ్‌వన్‌బీ వీసా. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే దేశం వదిలి వెళ్ళాలి. శుక్రవారం ఆమె తన కప్పూ, మొక్కా సర్దుకుని నాకు "బై అక్కా" చెప్పి వెళ్ళింది. పేరు ఎవరిచ్చారో ఆమెకి తెలియదు.

మర్నాడు పొద్దున్నే, ఆయన రాకముందే పైకి వెళ్ళి ఆంటీకి చెప్పాను. ఓదారుస్తారనుకున్నాను.

"నా చేతుల్లో ఏముందాంటీ, అది బిజినెస్ డెసిషన్" అన్నాను.

"చేతిలో పెన్నుందిగా" అన్నారు.

ఆవిడ లేచి వెళ్ళి నీలం అంచు కప్పు తెచ్చి, టీ పోసి, సాసర్‌తో సహా నా ముందు పెట్టారు. "ఊఁ, ఇప్పుడు చెప్పు. ఆ మహాతల్లి ఒక్కతే వచ్చి మూసిందనుకున్నావా గనులు? నీలాంటి మంచివాళ్ళు ఎందరో కూర్చుని పేర్లు రాసిచ్చారు. నువ్వు నోరు తెరిచి ఒక్కసారి కాదన్నావా?"

ఇన్నేళ్ళుగా ఆ కప్పు కోసమే ఎదురుచూశాను. తీరా అది ముందుకొచ్చాక ఉన్నమాటంటే ఉలుకెక్కువన్నట్టు అరిచాను. "కాదంటే నా పేరు రాసేవాళ్ళు. మీకేం తెలుసు? మీరు డాక్టరుగారి భార్య. ఊరంతా జీతాలు ఆగినా మీ ఇంట్లో ఆగలేదు. కడుపు నిండినవాళ్ళు గరిటె తిప్పితే సరిపోతుందా?"

ఆంటీ కళ్ళజోడు తీశారు. "ఈ మాట నాతో అన్నయ్యగారు కూడా అనలేదు" అన్నారు. గొంతులో కోపం లేదు. "వచ్చే శనివారం రా. జవాబు చెబుతాను."

నేను వెళ్ళలేదు. మొదటి శనివారం షాపింగ్ ఉందని చెప్పుకున్నాను. రెండోవారం మా పాప డాన్స్ క్లాసుకి, వాళ్ళ నాన్న తీసుకెళ్తానన్నా వినకుండా నేనే వెళ్ళాను. ఆంటీ ఎదురవుతారేమోనని వెనక మెట్ల వైపు నుంచి తిరిగాను. రాత్రి పడుకుంటే పైన అడుగుల చప్పుడు వినబడేది. మూడోవారం తప్పకుండా వెళ్దామనుకున్నాను. మంగళవారం ఆ మెసేజ్ వచ్చింది.

కర్మకాండ అయ్యాక వచ్చిన శనివారం, పదింటికి, నేను పైకి వెళ్ళాను. పెద్దాయన అప్పటికే తన కుర్చీలో ఉన్నారు. ఎదురుగా ఆంటీ కుర్చీ ఖాళీ. వాళ్ళమ్మాయి వంటింట్లో డబ్బాలు సర్దుతోంది. నన్ను చూడగానే ఆయన, "రెండు శనివారాలు మూడు కప్పులు పెట్టింది అక్క. నువ్వు రాలె" అన్నారు.

"నాకోసం చూశారా అంకుల్?"

"నన్ను నోరు తెరవనియ్యలె. ఆగున్రి, అమ్మాయి రానీ అన్నది. నీ టీ సల్లారిపోయినంక సింకుల పోసింది."

ఆంటీ అమ్మాయి బయటికి వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టింది. ఏదో ఇన్సూరెన్స్ ప్రకటన. "అమ్మ దిండు కింద దొరికింది. పైన 'కింద అమ్మాయికి' అని ఉంది. నేను చదవలేదు" అంది.

తిప్పి చూశాను. నాకోసం ఆవిడ నంబర్లు వేశారు.

"1. అమ్మాయి అన్నది నిజం. మా ఇంట్లో జీతం ఆగలేదు.

2. అయినా"

అంతే ఉంది. తరవాత రాయలేదు. శనివారానికి ఇంకా టైముందనుకుని ఉంటారు.

పెద్దాయన చెయ్యి చాపారు. ఇచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని ఒకటో నంబరు చదివారు. మళ్ళీ చదివారు. "పదకొండేండ్లు కొట్లాడిన" అన్నారు మెల్లగా. "నాకు ఒక్క పాయింట్ గుడ ఇయ్యలె." ఆ గొంతు నేను వెంటనే గుర్తుపట్టాను. ఇన్నేళ్ళూ అది నాది.

"ఇది నేను ఉంచుకోనా బిడ్డా?"

"ఇవ్వను అంకుల్" అన్నాను.

ఉద్యోగం పోయిన అమ్మాయికి ఫోన్ చేసి పేరు నేనే ఇచ్చానని చెప్పాను. మోరిస్‌విల్‌లో ఇంటర్వ్యూ ఉందని చెప్పి పెట్టేసింది. తరవాత చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేస్తాను.

నీలం అంచు కప్పులు ఆంటీ అమ్మాయి మాకిచ్చింది, ఆయనకి రెండు, నాకు ఒకటి. ఆయనకి ఎక్కువ ఇచ్చినందుకు ఆ రోజంతా గింజుకున్నాను. ఇప్పుడు శనివారం పదింటికి ఆయన తన కప్పూ సాసరూ జేబురుమాలులో చుట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. ఆ "అయినా" తరవాత అక్క ఏం రాసేదో తనకి తెలుసంటారు. తెలియదంటాను నేను. మధ్యలో బల్లమీద ఆ కవరు ఉంటుంది. హీటరు గాలికి ఎగిరిపోకుండా దాని అంచు మీద నా సాసరు పెడతాను. ఆయన అది పక్కకి జరిపి తనది పెడతారు.