గుర్వమ్మ కోసం కొత్త లొట్టి

భువనగిరి దగ్గరి ఊళ్లో తాటిచెట్లు గీసి కల్లు దించే ఐలేశానికి ఒక పట్టింపు ఉండేది. ఏ చెట్టు కల్లు ఆ చెట్టుదే, ఒకదానిలో ఒకటి కలపడు. కాయలు కాయని పోతుతాడు కల్లు పలుచన, కాయలు కాసే పండుతాడు కల్లు చిక్కన. పొద్దున దించింది తీపి, ఎండ ఎక్కితే పులుపు, మాపటికి ఘాటు. ఎవరికి ఏది కావాలో అదే పోసేవాడు.

"అంతా కల్లే గదనే, ఒక్క కుండల పొయ్యరాదు?" అని పక్కింటి కాటమయ్య నవ్వేవాడు.

"నువ్వు పులుసు, పాసెం ఒక్క గిన్నెల వండుకుంటవా?"

1961 మాఘమాసంలో ఐలేశం బిడ్డ జంగమ్మకు కోస్గి నుంచి సంబంధం వచ్చింది. వాళ్లూ గీతపనివాళ్లే, కాని గీసేది ఈతచెట్లు. పిల్లకు పిల్లవాడు, పిల్లవాడికి పిల్ల నచ్చారు. ఇక రెండు వైపుల పెద్దలు కలిసి కల్లు తాగితే మాట ఖాయం. పిల్లవాడి నాయనమ్మ గుర్వమ్మ ముందే కబురంపింది: తను తీపి కల్లే తాగుతుంది, అది నచ్చకుంటే సంబంధమూ నచ్చనట్టే.

ఐలేశం తెల్లవారుతుండగానే కల్లు దించి పెట్టాడు. దారిలో బస్సు టైరు పేలి, చుట్టాలు దిగేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికి కల్లు నురగ కక్కుతోంది. పిల్లవాడి తండ్రి దుర్గయ్యకు పులుపే ఇష్టం, గటగటా తాగి మీసం తుడుచుకున్నాడు. గుర్వమ్మ వాసన చూసి తాటాకు దొప్పను పక్కన పెట్టేసింది. జంగమ్మ ముఖం చిన్నబోయింది.

"ఇంత బెల్లం గలుపు. ముసలామెకేం ఎర్క?" కాటమయ్య ఐలేశం చెవిలో అన్నాడు.

"నాకెర్క గదా," అంటూ ఐలేశం చెట్టెక్కే మోకు భుజాన వేసుకుని, కల్లు పట్టే లొట్టి వాడనిది ఒకటి అందుకున్నాడు. పాత లొట్టి అడుగున నిన్నటి మడ్డి ఉంటుంది, పడ్డ చుక్కను పడ్డట్టే పులియబెడుతుంది. కొత్తదానిలో కల్లు కాసేపు తీపిగానే నిలుస్తుంది. పొట్టి పోతుతాడు ఎక్కి, గెలను సన్నగా గీసి, లొట్టి కట్టి, ఈగ వాలకుండా చెట్టు మీదే కూర్చున్నాడు.

గుర్వమ్మ చేతికట్టె ఊతంగా చెట్టు కిందికే వచ్చింది. వెనకే అందరూ వచ్చారు.

"ఏమయ్యా, దిగుతవా, ఆడ్నే కాపురం పెడ్తవా?"

"చుక్క చుక్క పడాలె గదవ్వా."

"మా ఈతచెట్టయితే ఈపాటికి లొట్టి నిండు!"

"నిండదా మరి? మీవి నీళ్లేనాయె!" అన్నాడు ఐలేశం పైనుంచి.

దుర్గయ్య పగలబడి నవ్వాడు. "అమ్మా, నీకు సరైనోడే దొరికిండు."

గుర్వమ్మ జంగమ్మ వైపు తిరిగింది. "మీ నాయిన ఇంట్ల గూడ గింత మొండేనా?"

"ఇంట్ల ఇంకింత, అవ్వా."

గంట తర్వాత ఐలేశం దిగాడు. లొట్టిలో ఉన్నది ఒక్క దొప్పకే సరిపోయింది. గుర్వమ్మ ఒక గుక్క నాలుక మీద నిలిపి కళ్లు మూసుకుంది. ఆమె మిగతాది తాగి, దొప్పను తిరగేసి ఆఖరి చుక్క కూడా నోట్లో వేసుకుంది.

"ఇంకో దొప్ప పొయ్యి."

"గంతే అవ్వా. ఇంకోటంటే ఇంకో గంట."

"అమ్మా, బస్సు పోతది," అన్నాడు దుర్గయ్య.

"పోతే పోనీ. నీ వియ్యంకునింట్ల ఒక్క పూట ఉండరాదా?"

ఐలేశం మళ్లీ మోకు అందుకున్నాడు. అతనికంటే ముందు జంగమ్మ కొత్త లొట్టి కోసం ఇంట్లోకి పరుగెత్తింది.