వానలు పడ్డాక చూసిన జాగ

డెబ్బైల చివర హన్మకొండ సుబేదారిలోని ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరాను. కొత్తగా పెళ్లయింది. ఇంటి కోసం తిరిగితే నాలుగు చోట్ల "మీరేమిటోళ్లు?" అని కులం అడిగి, జవాబు విన్నాక ఖాళీ లేదన్నారు. ఐదో ఇల్లు ఒక రిటైరైన నర్సుది. భర్త లేడు, పిల్లలు లేరు. మిషన్ దవాఖానలో పనిచేసిన మనిషి కాబట్టి వీధంతా సిస్టరమ్మ అనేవారు. ఆమె నా భార్యను బావి దగ్గరికి తీసుకుపోయి, "గిరక జర బిగుసుకపోయింది. నీళ్లు చేదుకోగలుగుతవా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ సాయంత్రమే సామాను దింపుకున్నాం.

ఎనభైలు వచ్చేసరికి హన్మకొండ తీరే మారిపోయింది. పిల్లల చదువులకని పల్లెల నుంచి కుటుంబాలు దిగసాగాయి. మా వీధిలో గొడ్ల కొట్టాలకు తలుపులు బిగించి గదులన్నారు. పాత కిరాయిదార్లను లేపి, ఎక్కువిచ్చేవాళ్లను పెట్టుకున్నారు. సిస్టరమ్మ కూడా కిరాయి పెంచింది. అయితే మూడు నెలల ముందే కూర్చోబెట్టి చెప్పింది. పెంచకముందే నల్లా పెట్టించింది, కారే చోట పెంకులు మార్పించింది.

"కిరాయి పెరుగుడు ఆగది బిడ్డా. మీకంటూ ఓ జాగ చూస్కోండ్రి" అంది.

ఆ మాట నా భార్య మనసులో నాటుకుంది. ఊరి చివర ప్లాట్లు చేస్తున్నారని తెలిసి ఎండాకాలంలో వెళ్లాం. చదునైన నేల, సున్నం కొట్టిన హద్దురాళ్లు. ధర మాకు అందేలా ఉంది.

"ఇయ్యాలటి రేటు రేపుండది సారూ. ఇంకో ఇద్దరు తిరుగుతాండ్రు" అన్నాడు బ్రోకరు.

బయానా ఇచ్చే ముందు సిస్టరమ్మకు చూపిద్దామంది నా భార్య. ఆదివారం ఆమె చర్చి నుంచి నేరుగా వచ్చింది. హద్దురాళ్ల వైపు చూడనే లేదు. నెర్రెలు బారిన నల్లమట్టి పెళ్ల ఒకటి తీసి చిదిపింది. అందులో నత్తగుల్లలు. పక్కన బర్రెలు మేపుతున్న ఆడమనిషిని అడిగింది.

"గిక్కడ వానకాలంల ఏమేస్తరు బిడ్డా?"

ఆ బర్రెల మనిషి మా వెంట ఉన్న బ్రోకరు మొహం చూసి, "ఏమెయ్యరమ్మా" అంది.

"వానలు పడ్డంక వస్తం" అంది సిస్టరమ్మ బ్రోకరుతో.

"అప్పటిదాంక జాగ ఉంటదా?"

"ఉండకపోతే మా కిస్మత్."

నాకు ఒళ్లు మండింది. అడిగిన రోజుకు కిరాయి కట్టేవాళ్లం, మమ్మల్ని వదులుకోవడం ఇష్టం లేక అడ్డం పడిందనుకున్నాను. ఎన్నో రోజులు ముఖం చాటేసి తిరిగాను. ఆమె మాత్రం ఎప్పటిలాగే నా భార్యకు మునగాకు కోసి ఇచ్చేది.

వానలు బాగా పట్టాక ఒక పొద్దున ఆమే రిక్షా తెచ్చి, "నడువుండ్రి" అంది. పోయి చూస్తే ప్లాట్లు లేవు. ఎండాకాలంలో ఎండిపోయి మేం గుర్తుపట్టని పక్క చెరువు నిండి అక్కడిదాకా వచ్చేసింది. హద్దురాళ్ల కొనలు మాత్రం తేలి, వాటి మీద కొంగలు వాలి ఉన్నాయి. చెరువు నిండితే మునిగే శిఖం భూమిని బ్రోకరు మాకు అంటగట్టబోయాడన్నమాట.

తిరిగి వస్తూ ఉండబట్టలేక చెప్పేశాను. "మమ్ముల పోనియ్యొద్దని ఆపిన్రనుకున్న సిస్టరమ్మా."

"అనుకుంటరు బిడ్డా. కిరాయికున్నోళ్లు ఓనర్ను నమ్ముడు అల్కటి పనా?" అని నవ్వింది.

మా ఆఫీసు ప్యూన్ అప్పటికే అక్కడ బయానా ఇచ్చి ఉన్నాడని ఆమెకు చెప్పాను. మరుసటి ఆదివారమే ఆమె అతన్ని వెంటబెట్టుకుని బ్రోకరు ఇంటికి పోయి అరుగు మీద కూర్చుంది. బ్రోకరు బతిమాలాడు, అరిచాడు, తలుపేసుకున్నాడు. ఆమె బైబిలు తెరిచి చదువుకుంటూ ఉండిపోయింది. వచ్చేపోయేవాళ్లు ఆగి చూడటం మొదలయ్యాక, మధ్యాహ్నానికి బయానా వాపసు వచ్చింది.

రెండేళ్ల తర్వాత నీళ్లెక్కని గట్టు మీద చిన్న ప్లాటు కొనుక్కున్నాం. ధర పెరిగిపోయి, అనుకున్నదానికంటే తక్కువ గజాలే దొరికాయి. పునాదిరాయి వేసిన రోజు పంతులు మంత్రాలు చదువుతుంటే సిస్టరమ్మ ఓ పక్కన కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. కొబ్బరికాయ కొట్టడం అయిపోగానే చీర చెంగు దోపుకుని, పునాది గాడిలోకి తొంగిచూస్తూ, "ఇంకో మూరెడు లోతుకు తవ్వు నాయనా. రేపు వీళ్లు పైన అంతస్తు ఏసి కిరాయికిస్తరు" అని మేస్త్రీకి చెప్పింది.