ఎంతసేపు వెలిగిందో రాయమన్న మేడమ్

మా గైడు మేడమ్ పోయారని గత సోమవారం పొద్దున్నే డిపార్ట్‌మెంటు నుంచి ఫోను వచ్చింది. నేనప్పుడు క్లాసుకి బయలుదేరుతున్నాను. పాఠం చెప్పి వచ్చాకే ఏడ్చాను. ఆవిడైనా అలాగే చేసేవారు.

తొంభైల చివర్లో ఆవిడ దగ్గర పరిశోధనకు చేరాను. తగరపువలస దగ్గర మా ఊరు. నాన్న పోర్టులో క్రేన్ ఆపరేటరు. మేడమ్‌ది భీమిలి. పాఠం ఇంగ్లీషులో చెప్పేవారు కానీ మందలింపు మాత్రం భీమిలి మాటలోనే. ల్యాబులోకి రాగానే గాలిలో తేమ కొలిచే మీటరు చూసి, ఆ అంకెను ఆనాటి పేజీలో మొదట రాయించేవారు. నాకది చాదస్తంగా తోచేది.

మా పని క్వాంటమ్ డాట్లతో. మామూలు మైక్రోస్కోపుకైనా అందనంత చిన్న పలుకులవి. పలుకు సైజును బట్టి ఎర్రగానో పచ్చగానో వెలుగుతాయి. గాజు మీద పల్చగా పరిచి, కరెంటిచ్చి, వాటిని నిలకడగా వెలిగించగలిగితే కొత్తరకం టీవీ తెరలు వస్తాయని ఆశ. మావీ వెలిగేవి. నాలుగైదు నిమిషాల్లో నల్లమచ్చలు పడి ఆరిపోయేవి. పలుకు చుట్టూ కవచంలా ఇంకో పదార్థం మందంగా వేస్తే కాస్త నిలిచేవి కానీ వెలుగు తగ్గిపోయేది. పల్చగా వేస్తే వెలుగు బాగుండేది, నిలిచేది కాదు. రెండేళ్ళు ఆ రెంటి మధ్యే తిరిగాను.

మూడో ఏడు ఒక నమూనా దాదాపు గంటసేపు వెలిగింది. అదే వారం ఒక సదస్సుకు పేపరు పంపాలి. నేను ఆ గంట గురించే రాసుకెళ్ళాను. మేడమ్ చదివి, "ఇలాగే సేసిన మిగతా పదకొండూ ఏటయ్యాయమ్మా?" అని అడిగారు. ఆరిపోయాయన్నాను.

"అయితే అయ్యీ రాయి. ఎలిగిందని కాదు, ఎంతసేపు ఎలిగిందో రాయి."

అలా రాస్తే ఎవరూ తీసుకోరని వాదించాను. ఆవిడ సంతకం పెట్టలేదు. పేపరు వెళ్ళలేదు. నేను వారం రోజులు ల్యాబు గడప తొక్కలేదు. బ్యాంకు పరీక్షలు రాసుకుంటానని నాన్నకు చెప్పేశాను కూడా.

ఎనిమిదో రోజు ఆవిడే బస్సెక్కి మా ఊరొచ్చారు, చేతిలో నా నోటుబుక్కు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, బుక్కు తెరిచి చూపించారు. గంట వెలిగిన నమూనా చేసిన రోజు పడమటి గాలి వీచింది, తేమ బాగా తక్కువ. ఆరిపోయినవన్నీ సముద్రపు గాలి రోజులవి. కవచాన్ని తిట్టుకుంటూ కూర్చున్నాం గానీ, నమూనా పైన ఇంకో గాజు పలక పెట్టి మూసేలోపే తేమ లోపలికి చేరిపోతోంది.

"పదకొండూ దాసేసుంటే ఈ సంగతి మనకెలా తెలుద్దమ్మా?" అన్నారు.

పక్కనే నిలబడి విన్న నాన్న, "రేపొత్తాది మేడమ్" అన్నాడు. నన్ను అడగను కూడా లేదు.

తేమ చొరబడని పెట్టె మాకు లేదు. దుకాణాలకు పేర్ల బోర్డులు చేసే ఆయన దగ్గరికి ఇద్దరం వెళ్ళాం. ఆయన అక్రిలిక్ పలకలు అతికించి, చేతులు దూర్చడానికి రెండు కన్నాలు కోసి, రబ్బరు గ్లవ్స్ బిగించి ఇచ్చాడు. "ఇందులో సేపలు పెంచుతారేటి మేడమ్?" అని అడిగితే ఆవిడ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. లోపల తేమలేని నైట్రోజన్ వాయువు నింపితే నిలిచేది కాదు. ఎక్కడెక్కడ కారుతోందో వెతికి మూయడానికే నాలుగు నెలలు పట్టింది.

ఆ తర్వాత చేసిన మొదటి నమూనా పొద్దున్న పదింటికి వెలిగింది. మధ్యాహ్నం దాని ఎదురుగానే క్యారేజీ విప్పి, చింతచిగురు పప్పు నాకూ వడ్డించారు. చూపు మాత్రం గాజు మీద వెలుగుతున్న ఆ ఎర్రటి గడి మీదే. నా బస్సు వేళకీ అది వెలుగుతూనే ఉంది. మరుసటి ఏడాది మా పేపరు అచ్చయింది. నిలిచినవీ ఆరినవీ అన్నీ అందులో ఉన్నాయి. ఈ రోజు నా విద్యార్థుల చేతా నేను అలాగే రాయిస్తున్నాను.

అంత్యక్రియలయ్యాక ల్యాబుకెళ్ళాను. ఆవిడ చివరి విద్యార్థిని ఒక్కతే ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. నన్ను చూసి లేవబోయి, గడియారం చూసి ఆగింది. "ఒక్క నిమిషం అక్కా, రీడింగు టైమయింది" అంటూ నమూనా మీద కప్పిన నల్లగుడ్డ పైకెత్తింది. మూడు రోజులుగా ఆరకుండా వెలుగుతున్న పచ్చటి గడి వెలుతురు ఆ పిల్ల వేళ్ళ మీద, పెన్ను మీద పడింది.